వృద్ధాశ్రమమును చూచి రావడము ఎట్లు?

(మేళ్లచెరువు కూడికలో స్త్రీల మైత్రి తరఫున చేసిన ప్రసంగ పాఠము)



ఈ శతవార్షిక కూడికలలో గుళ్లు కట్టినవారిని గూర్చి, బడులు పెట్టినవారిని గూర్చి, ఎద్దుబండ్ల మీద ఊరూరు తిరిగిన ఉపదేశకులను గూర్చి పెద్దలు మాటలాడుతున్నారు. మాకు అప్పగించిన అంశము అంత గొప్పది కాదు. ఆ పనులు చేసినవారిలో ఇంకా బ్రతికియున్న కొందరు ఇప్పుడు వృద్ధాశ్రమాలలో ఉన్నారు. వారిని చూడబోయినప్పుడు ఏమి చూడవలెను, చూచినదానిని ఎట్లు తూచవలెను అన్నదే మా అంశము. మేము ముగ్గురము. ఒకరము ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి రిటైరయినవారము, ఒకరము బడిపంతులమ్మ, ఒకరము పాస్టరమ్మగారు. ముగ్గురి మాట కలిపి చెప్పుచున్నాము గనుక ‘మేము’ అనియే చెబుతాము. ఎవరు ఏది చూచారో విడదీసి చెప్పము.

ముందుగా ఒక మాట తేల్చుకోవలెను. మన వాడుకలో నర్సింగ్ హోం అంటే కోదాడలోనో హుజూర్‌నగర్‌లోనో కాన్పుకో ఆపరేషనుకో నాలుగు దినాలు పడుకొని వచ్చే చిన్న ప్రైవేటు ఆసుపత్రి. అమెరికా, ఇంగ్లాండులలో నర్సింగ్ హోం అంటే లేవలేని ముసలివారు నెలలు, సంవత్సరములు, తరచుగా చివరి దినము వరకు ఉండే ఇల్లు. మనవాళ్లు దానిని వృద్ధాశ్రమము, ఓల్డేజ్ హోం అంటారు. ఈ రెండింటి మధ్య తేడా పేరులోనే కాదు. ఆసుపత్రికి వెళ్లినవారు ఇంటికి తిరిగి వస్తారు, వచ్చి అక్కడ ఎట్లున్నదో నలుగురికి చెబుతారు. ఆశ్రమములో ఉన్నవారు తిరిగి రారు గనుక చెప్పేవారు ఉండరు. అందుచేత ఎవరో ఒకరు వెళ్లి చూడవలసి వస్తుంది.

మన ఊరిలో ఈ అవసరము ఎట్లు వచ్చిందో మీకు తెలియనిది కాదు. నల్గొండ జిల్లాలో ఉన్నప్పుడైనా, 2016 నుండి సూర్యాపేట జిల్లాలో ఉన్నప్పుడైనా మేళ్లచెరువు అంటే శంభులింగేశ్వరుని గుడి, శివరాత్రి జాతర, సున్నపురాయి. ఆ రాయి మీద సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చాయి. నాగార్జునసాగర్ ఎడమ కాలువ వచ్చిన తరువాత ఈ ప్రాంతములో వరి వచ్చింది. వరి వచ్చిన తరువాత పిల్లలు కాలేజీలకు పోయారు, కాలేజీలకు పోయినవారు హైదరాబాదుకు, అక్కడినుండి ఇంకా దూరము పోయారు. పులిచింతల జలాశయము నిండినప్పుడు ముంపుకు గురైన గ్రామములలో కొన్ని పాత మేళ్లచెరువు మండలములోనివే. ఆ ఊళ్లలో ఒకే వీధిలో ఉన్న అన్నదమ్ములు పరిహారము తీసికొని తలొక దిక్కు పోయారు. ముసలివారికి ఇల్లు దొరికింది గాని ఇరుగుపొరుగు దొరకలేదు. పిల్లలు చెడ్డవారై ముసలివారిని ఆశ్రమములో పెట్టుచున్నారని ప్రసంగపీఠము మీదినుండి గద్దించడము తేలిక. మాకు తెలిసిన నాలుగైదు కుటుంబాలలో అది నిజము కాదు. భార్యాభర్తలిద్దరు ఉద్యోగానికి పోయే రెండు గదుల ఇంట్లో, పక్క మీదినుండి లేవలేని తల్లిని పగలంతా తాళము వేసి ఉంచడము కంటె ఆశ్రమము మేలని వారు తలంచారు. అది మేలో కాదో ఆ ఆశ్రమమును బట్టి ఉంటుంది. మేము చెప్పబోయేది అదే.

ఇది క్రొత్త పని అనుకోవద్దు. అపొస్తలుల కార్యములు ఆరవ అధ్యాయమును చూడండి. ఆ ఆదిమ సంఘములో రోజువారీ వడ్డనలో కొందరు విధవరాండ్రకు సరిగా అందడము లేదని సణుగుడు పుట్టింది. అపొస్తలులు ఆ సణుగుడును పాపమని అణచివేయలేదు. విచారించి ఏడుగురిని ఆ పనికి ఏర్పరచారు. పని నడుస్తూనే ఉన్నది, భోజనము ఉన్నది, వడ్డించేవారూ ఉన్నారు. అయినా కొందరికి అందలేదు. ఎవరికి అందలేదో తెలిసినది కూడ లెక్కల పుస్తకమును బట్టి కాదు, సణిగినవారిని బట్టి. మేము ఈ సంగతి చాలా ఆలస్యముగా గ్రహించాము. ఎట్లో చెబుతాము.

మన సంఘములో సగము మందికి అక్షరాలు దిద్దించిన ఒక పంతులమ్మగారు ఉన్నారు. పేరు చెప్పము. ఇక్కడ కూర్చున్న మీలో చాలామందికి ఆమె బెత్తము గుర్తున్నది. ఎనుబది దాటినవారు. తుంటి విరిగిన తరువాత కుమారుడు ఆమెను ఒక పట్టణములోని ఆశ్రమములో చేర్చాడు. నెలనెలా తప్పకుండా డబ్బు కట్టుచున్నాడు. ఒక దినము ఆ దారిని వెళ్లిన మన సంఘస్థుడొకరు చూచి వచ్చి, ‘పంతులమ్మగారు సగమయ్యారు’ అన్నాడు. వయస్సు అంతే అన్నారు కొందరు. సంఘ పెద్దలు మమ్ములను చూచి రమ్మన్నారు.

మేము మర్యాదస్థులము గదా, మూడు దినాల ముందే ఫోను చేసి వస్తున్నామని చెప్పాము. పోయేసరికి ముంగిట ముగ్గు ఉన్నది. ఉతికిన దుప్పట్లు, నేల మీద ఫినాయిలు వాసన, గోడ మీద వాక్యము వ్రాసిన క్యాలెండరు. నిర్వాహకుడు ఎదురు వచ్చి ఆఫీసు గదిలో కూర్చోబెట్టి టీ, బిస్కట్లు ఇచ్చి, ఎంత కష్టపడి ఈ సేవ నడుపుచున్నాడో ముప్పావుగంట చెప్పాడు. పంతులమ్మగారిని కుర్చీలో కూర్చోబెట్టి, తల దువ్వి, మా దగ్గరకు తెచ్చారు. ఆయన ప్రక్కన నిలిచి ఉండగా ‘ఎట్లున్నారమ్మా’ అని అడిగాము. ‘బాగున్నాను’ అన్నది. ప్రార్థన చేసి, పండ్లు ఇచ్చి, ఫోటో దిగి వచ్చాము. ఆదివారము ఆరాధన తరువాత లేచి, ‘ఆశ్రమము చాలా శుభ్రముగా ఉన్నది, మంచి సేవ జరుగుచున్నది’ అని సంఘమునకు నివేదిక ఇచ్చాము. ఆ నివేదిక తప్పు. అబద్ధమాడాలని ఆడలేదు. చూడవలసినది చూడక, చూపించినది చూచి వచ్చాము.

రెండవసారి పోయినది అనుకోకుండానే. కోదాడలో ఒక పెండ్లికి పోయి, అటునుండి అటే రాత్రి ఎనిమిది గంటలకు ఆ గేటు ముందు దిగాము. చౌకీదారు కాసేపు లోపలికి పోనివ్వలేదు. పోయిన తరువాత చూచినది ఏమనగా, వరండాలో ఒకటే బల్బు. బాత్‌రూముకు పోయే దారి చీకటి. పంతొమ్మిది మంది ముసలివారికి ఒక ఆయమ్మ. పంతులమ్మగారి కుడి చెయ్యి పాత చీర అంచుతో మంచపు పట్టెకు కట్టి ఉన్నది. పెదవులు పగిలి ఉన్నాయి. మంచము ప్రక్కన చెంబు ఉన్నది గాని ఆమెకు అందేటంత దగ్గరలో లేదు. మాలో నర్సు పని చేసినవారము దుప్పటి తీసి కాళ్లు చూచాము. ఎడమ మడమ మీద రూపాయి బిళ్లంత నల్లటి మచ్చ ఉన్నది.

ఆమె మమ్ములను గుర్తుపట్టి, ‘ఈ వేళప్పుడు వచ్చిన్రేమి బిడ్డా, ఎవరైనా పోయిన్రా’ అని అడిగింది.

ఆయమ్మను కోప్పడ్డాము. అది కూడ మేము చేసిన తప్పులలో ఒకటి. ఆమె తల వంచుకొని, ‘నేనొక్కదాన్నే అమ్మగారూ. రాత్రి లేచి పడితే నన్నంటరు. అందుకే కట్టిన. నీళ్లు ఎక్కువ తాగితే పక్క తడుపుకుంటరు, ఒక్క రాత్రిలో పంతొమ్మిది పక్కలు నేనెట్ల మార్చాలె’ అన్నది. పొద్దున ఆరు గంటలకు డ్యూటీ ఎక్కిన మనిషి, రాత్రి మనిషి రానందున అప్పటికీ అక్కడే ఉన్నది. ఆమె కసాయిది కాదు. ఒక్క మనిషి చేయలేని పనిని ఒక్క మనిషి మీద పెడితే ఆ పని ఎట్లు జరుగుతుందో అట్లే జరుగుచున్నది.

ఆ రాత్రి బస్సులో తిరిగి వస్తూ ఎవరము మాటలాడలేదు. తరువాత ఈ విషయమై చదివాము, తెలిసిన డాక్టర్లను అడిగాము. అవెడిస్ డోనబీడియన్ అను వైద్యుడు ఒకాయన ఉండెను. బీరూటులో ఒక ఆర్మీనియా కుటుంబములో పుట్టి అమెరికాలో ఆచార్యుడైనవాడు. 1966లో ఆయన వ్రాసిన ఒక వ్యాసమునుండియే, వైద్యసేవ మంచిదా చెడ్డదా అని కొలిచే పద్ధతి నేటికిని నడుచుచున్నది. ఆయన చెప్పినది మన భాషలో చెప్పుకుంటే మూడు ప్రశ్నలు. అక్కడ ఏమున్నది? అక్కడ ఏమి చేస్తున్నారు? చేసినందువలన ఆ మనిషికి ఏమయినది? మొదటిది కట్టడము, మంచాలు, మనుషుల లెక్క. రెండవది రోజువారీ పని. మూడవది ఫలితము. మొదటి పర్యటనలో మేము మొదటి ప్రశ్నలో సగము అడిగి, మూడింటికీ జవాబు వచ్చిందనుకున్నాము. ముగ్గు, దుప్పటి, క్యాలెండరు అంతా ‘ఏమున్నది’ క్రిందికే వస్తుంది.

కట్టడమును గూర్చి ఎక్కువ చెప్పము. గాలి, వెలుతురు, జారని నేల, బాత్‌రూములో పట్టుకొనే కమ్మీ, రాత్రి దీపము, పిలిస్తే వినిపించే గంట ఉన్నవా లేవా అన్నది గుమ్మములో నిలబడితేనే తెలుస్తుంది. గంట ఉన్నచోట నొక్కి చూడండి. ఎన్ని నిమిషాలకు మనిషి వచ్చునో గడియారము చూచి లెక్కపెట్టండి. నిర్వాహకుని ఉపన్యాసము కంటె ఆ లెక్క నమ్మదగినది.

మనిషి శరీరమును చూడడమే అసలు పని. ముసలివారి ఒళ్లు దాచుకోలేని సాక్ష్యము.

మొదట చర్మము. కదలలేని మనిషి ఒకే వైపున గంటల తరబడి పడుకొని ఉంటే, ఎముక పొడుచుకొని వచ్చేచోట, అనగా నడుము క్రింద, తుంట్ల మీద, మడమల మీద, రెక్కల ఎముకల మీద, చర్మమునకు నెత్తురు అందక చచ్చిపోతుంది. దానినే పడకపుండు అంటాము. అది మొదట ఎర్రటి మచ్చగా ఉంటుంది. వ్రేలితో నొక్కి తీసినప్పుడు తెల్లబడి మరల ఎర్రబడితే ఇంకా సమయమున్నది. నొక్కినా ఎర్రగానే ఉంటే లోపల దెబ్బతిన్నట్టే. నల్లచర్మము మీద ఎరుపు కనబడదు గనుక వేడిగా ఉన్నదా, గట్టిపడ్డదా అని తాకి చూడవలెను. రెండు గంటలకు ఒకసారి ప్రక్క మార్చడము నర్సులకు నేర్పే పాతపాఠము. మనిషిని బట్టి, పరుపును బట్టి ఆ వేళ మారవచ్చును గాని మార్చకుండ ఉండరాదు. పడకపుండ్లలో ఎంత జాగ్రత్త పడినా వచ్చేవి కొన్ని ఉన్నవి, నిజమే. కాని ఒకే గదిలో ముగ్గురికి ఉంటే అది వయస్సు తప్పు కాదు. అందుచేత ‘మీ దగ్గర ఇప్పుడు ఎంతమందికి పుండ్లున్నవి, వాటిలో ఎన్ని ఇక్కడికి వచ్చిన తరువాత వచ్చినవి’ అని అడగండి. మంచి ఆశ్రమమైతే పుస్తకము తీసి చూపిస్తుంది. ‘అసలు ఎవరికీ లేవు’ అన్నచోట దుప్పటి తీసి చూడండి.

తరువాత బరువు. నెలకొకసారి తూకము వేసి వ్రాస్తున్నారా? ఒక నెలలో నూటికి ఐదు వంతులు, ఆరు నెలలలో నూటికి పది వంతులు తగ్గితే డాక్టరు చూడవలసిన సంగతి. అనగా యాబది కిలోల మనిషి నెలలో రెండున్నర కిలోలు తగ్గితే ఊరకుండరాదు. పంతులమ్మగారిని ఆశ్రమములో చేర్చినప్పుడు ఒకసారి తూచారు, తరువాత తూచలేదు. ‘సగమయ్యారు’ అన్న మన సంఘస్థుని కంటిచూపు తప్ప ఆమెకు వేరే తూకము లేదు. పళ్లు లేనివారికి గట్టి అన్నము, వేపుడు పెట్టి, ‘తినరండీ’ అంటారు. అన్నము వేళకు పోయి, ముందు పెట్టి పోతున్నారా, కూర్చుండి తినిపిస్తున్నారా అని చూడండి. ఒకరికి తినిపించడానికి ఎంతసేపు పడుతుందో ఇంట్లో ముసలివారున్న మీకు మేము చెప్పనక్కరలేదు.

నీళ్ల సంగతి ఆయమ్మయే చెప్పినది. పక్క తడుస్తుందని నీళ్లు తగ్గించడము చాలాచోట్ల జరిగే పని. చేసేవారు దానిని పాపమని అనుకోరు. నీళ్లు తగ్గితే మతి తప్పుతుంది, మూత్రము మంట, జ్వరము వస్తుంది, మలబద్ధకము వస్తుంది. మతి తప్పినదని నిద్రమాత్ర వేస్తారు. నిద్రమాత్ర మత్తులో లేచి పడుతుంది. పడినదని కట్టివేస్తారు. కట్టివేస్తే పుండు పడుతుంది. ఒక చెంబు నీళ్లతో మొదలైనది అక్కడికి పోతుంది. కాబట్టి మాత్రల చీటీ అడిగి చూడండి. పగలు పదకొండు గంటలకు గదిలో అందరూ నిద్రపోతూ ఉంటే అది ప్రశాంతత అనుకొని సంతోషపడవద్దు.

నల్గొండ మనుషులకు ప్రత్యేకముగా చెప్పవలసినది ఒకటున్నది. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి ప్రాంతాలలో ఫ్లోరైడు నీళ్లు తాగి ఎదిగిన తరము ఇప్పుడు ముసలితనమునకు వచ్చింది. పటిక, సున్నముతో నీళ్లలోని ఫ్లోరైడును తీసే పద్ధతిని నాగపూరు నీరి సంస్థవారు 1970లలో రూపొందించినప్పుడు దానికి మన జిల్లా పేరే పెట్టి నల్గొండ టెక్నిక్ అన్నారు. మన పేరు ప్రపంచమంతటా పుస్తకాలలోకి ఎక్కింది గాని అప్పటికే బిగిసిన నడుములు, మెడలు సడలలేదు. మిషన్ భగీరథ కృష్ణనీళ్లు తరువాతి పిల్లలకు మేలు చేస్తాయి. వెన్ను కర్రవలె బిగిసినవారిని మామూలుగా పట్టి లేపితే ఎముక విరుగుతుంది. వారు మెడ త్రిప్పి చూడలేరు గనుక వెనుకనుండి పిలవరాదు. చదునుగా పడుకోబెడితే తల గాలిలో ఉంటుంది, దిండ్లు ఆసరా పెట్టవలెను. వేరే జిల్లా ఆశ్రమమువారికి ఇది తెలియకపోవచ్చును. అట్టివారిని చేర్చేటప్పుడు ఈ సంగతి కాగితము మీద వ్రాసి మంచము తలవైపు అంటించి రావలెను.

మనుషుల లెక్క ఇక్కడ చెబుతాము. అమెరికాలో 1986లో ఒక నిపుణుల సంఘము నర్సింగ్ హోముల స్థితిని గూర్చి నివేదిక ఇవ్వగా, 1987లో చట్టము చేశారు. కారణము లేకుండా కట్టివేయరాదు, మత్తుమందులతో పడవేయరాదు, ప్రతి ఒక్కరి స్థితిని క్రమముగా పరీక్షించి వ్రాయవలెను అన్నారు. 2008 చివరినుండి ప్రతి హోముకు ఒకటినుండి ఐదు వరకు నక్షత్రాలు ఇచ్చి ప్రజలకు తెలియజేస్తున్నారు. మొదట ఎంతమంది పనివారున్నారో హోములు చెప్పుకొన్న లెక్కే లెక్క. 2016నుండి జీతాల పట్టీల లెక్క పంపవలసి వచ్చింది. మనము నేర్చుకోవలసిన ఉపాయము ఇదే. ‘మీ దగ్గర ఎంతమంది పనిచేస్తారు’ అని అడగవద్దు. ‘నిన్న రాత్రి ఎంతమంది ఉన్నారు, వారి పేర్లేమి’ అని అడగండి. అంత చట్టమున్న దేశములో కూడ 2020లో కరోనా వచ్చినప్పుడు మరణించినవారిలో ఎంతో పెద్దభాగము ఆ హోములలోని ముసలివారే అన్నది మరువరాదు. ఒకే పనిమనిషి బ్రతుకు తెరువుకు రెండు మూడు హోములలో పనిచేస్తూ ఒకచోటినుండి ఇంకొకచోటికి జబ్బును మోసికొని పోవడము అందుకు ఒక కారణము. ఆయమ్మకు జీతమెంత అని అడగడము మన పని కాదనుకుంటాము. అది మన పనే.

మన దేశములో 2007లో తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ సంక్షేమ చట్టము వచ్చింది. అరువది ఏండ్లు నిండి తమ్మును తాము పోషించుకోలేనివారు పిల్లల మీద ట్రిబ్యునలుకు దరఖాస్తు పెట్టుకోవచ్చును. సబ్ డివిజను స్థాయికి తగ్గని అధికారి, మన వాడుకలో ఆర్డీవో, విచారించి నెలకు పదివేలకు మించకుండ పోషణ ఇప్పించవచ్చును. పోషిస్తాడను షరతు మీద ఆస్తి వ్రాసి ఇచ్చి, అతడు పోషించకపోతే ఆ వ్రాత రద్దు చేయించవచ్చును. ఆ షరతును కాగితములో వ్రాయించుకొనడము మేలు, నోటిమాట మీద నమ్మవద్దు. ముసలివారిని విడిచిపెట్టి పోతే మూడు నెలల జైలు గాని ఐదువేల జరిమానా గాని రెండును గాని వేయవచ్చును. జిల్లాకొక ఆశ్రమమైనా, నూటయాబది మందికి తగినది, ప్రభుత్వము పెట్టవచ్చునని కూడ ఆ చట్టములో ఉన్నది. ‘పెట్టవచ్చును’ అన్నారు గాని ‘పెట్టవలెను’ అనలేదు. ప్రైవేటు ఆశ్రమాలను రిజిస్టరు చేయించే ఏర్పాటుతో 2019లో ఒక సవరణ బిల్లు లోక్‌సభలో పెట్టారు. అది చట్టము కాకుండానే ఆ లోక్‌సభ కాలము ముగిసిపోయింది.

2020 జనవరిలో హైదరాబాదు శివారున కీసర వైపు నాగారములో ఒక ఆశ్రమమునుండి డెబ్బయిమందికి పైగా మనుషులను పోలీసులు బయటికి తెచ్చిన సంగతి పత్రికలలో చదివియున్నారు. చాలామంది మతిస్థిమితము లేనివారు. గొలుసులతో కట్టి ఉంచినట్టు, కొట్టినట్టు వార్త. ఇరుగుపొరుగువారు రాత్రులు కేకలు విని ఫిర్యాదు చేస్తే బయటపడింది. అక్కడికి కూడ డబ్బు కట్టే బంధువులున్నారు. వారిలో ఎంతమంది రాత్రి ఎనిమిదింటికి పోయి చూచియుందురు? మేము పోలేదు గనుకనే అడుగుచున్నాము. ఇట్టిది కనబడితే 14567 అను నంబరుకు డబ్బు ఖర్చు లేకుండ ఫోను చేయవచ్చును. ఈ ఎల్డర్‌లైన్ మొదట హైదరాబాదులో మొదలై 2021నుండి దేశమంతటా ఉన్నది. రాసుకోండి. ఈ నంబరు ముసలివారి కంటె మనబోటి చూడబోయేవారికే ఎక్కువ పనికివస్తుంది.

అన్ని ఆశ్రమాలు ఇట్లే అని చెప్పడము లేదు. సికింద్రాబాదులో లిటిల్ సిస్టర్స్ ఆఫ్ ది పూర్ అను కన్యకల వృద్ధాశ్రమము మీలో కొందరు చూచియున్నారు. వారి సంస్థ 1839 చలికాలములో ఫ్రాన్సులో మొదలైంది. జాన్ జుగాన్ అను పనిమనిషి, గ్రుడ్డిదై కదలలేని ఒక విధవరాలిని తన అటక గదికి ఎత్తుకొని పోయి తన మంచము ఆమెకిచ్చింది. అప్పుడు అక్కడ ‘ఏమున్నది’ అని లెక్కపెడితే ఒక మంచమే. అయితే ఒకరికి ఒకరు ఉన్నారు. మన ఆశ్రమములో మంచాలు పంతొమ్మిది ఉన్నవి, మనిషి ఒకరు.

ఇక పంతులమ్మగారి సంగతి. మరునాడే కుమారునికి ఫోను చేశాము. అతడు చాలాసేపు మాటలాడలేదు. తరువాత, ‘నెలనెలా డబ్బు కట్టుచున్నాను గదా అత్తా’ అన్నాడు. మేము గద్దించలేదు. మేమును చూచి వచ్చి బాగున్నదని చెప్పినవారమే గదా. అతడు సెలవు పెట్టి వచ్చాడు. డాక్టరును తీసికొని పోయాము. మడమ పుండుకు కట్టు కట్టారు, మడమ గాలిలో ఉండేటట్టు పిక్క క్రింద దిండు పెట్టడము ఆయమ్మకు నేర్పారు. నిర్వాహకునితో మూడు గంటలు మాటలాడాము. మొదట కోపగించుకొన్నాడు, తరువాత తన బాధలు చెప్పాడు. ఇచ్చే రుసుముతో రాత్రికి ఇద్దరిని పెట్టలేనన్నాడు. లెక్కలు చూపమంటే చూపాడు. అది కొంతవరకు నిజమే. కుమారుడును ఇంకా నాలుగు కుటుంబాలవారును నెలకు మరికొంత కలిపి ఇచ్చుటకు, రాత్రికి రెండవ మనిషిని పెట్టుటకు ఒప్పుదల అయింది. ఆ రెండవ మనిషి వస్తున్నదో లేదో చూచే పని మాది.

మేమైతే ఆమెను అక్కడినుండి తీసికొని రావలెనని నిశ్చయించుకొనే పోయాము. మన సంఘములోనే ఒక గది చూచాము, ఇద్దరు స్త్రీలు వంతులవారీగా చూచుకొంటామన్నారు. ఆ మాట చెబితే పంతులమ్మగారు వద్దన్నారు. ప్రక్క మంచము మీద కండ్లు కనబడని ఒక ముసలమ్మ ఉన్నది, వేరే ఊరు, వేరే కులము, వేరే మతము. ఆమెకు ఈమె పేపరు చదివి వినిపిస్తుంది. ఆమె ఈమెకు పాత పాటలు పాడి వినిపిస్తుంది. ‘నేను వస్తే దానికి పేపరు ఎవరు చదువుతరు బిడ్డా’ అన్నారు. మా పుస్తకాలలో, నక్షత్రాలలో ఈ లెక్క ఎక్కడా లేదు. మేము మడమ చూచాము, చెంబు చూచాము, కట్టిన చెయ్యి చూచాము. ప్రక్క మంచమును చూడలేదు. ఎక్కడ ఉండవలెనో ఆమెను అడగకుండానే నిర్ణయించినందుకు ఆమె ఎదుట సిగ్గుపడ్డాము. అయినా ఆమె మాట విని సరిపెట్టుకోలేదు. మంచి స్నేహితురాలు ఉన్నంత మాత్రాన చెయ్యి కట్టుట న్యాయము కాదు. ఉండమన్నాము, కట్టవద్దన్నాము, రెంటికీ కాపలా ఉంటామన్నాము.

మరి మీకేమి కావలెను అని అడిగితే ఆమె అడిగినది కండ్లజోడు. ఆమె ముక్కు మీద ఉన్నది వేరెవరిదో. ఉతుకులలో దుప్పట్లవలె కండ్లజోళ్లు కూడ తారుమారైనవి. నాలుగు నెలలుగా ఇంకొకరి అద్దాలతో, అక్షరము తరువాత అక్షరము కూడబలుక్కొని పేపరు చదువుచున్నది. బెత్తము పట్టి మనకు చదువు చెప్పిన మనిషి. వెదికితే ఆమె జోడు వరండాలో ఒక పెద్దాయన ముఖము మీద దొరికింది. ఆయన చదువుకోలేదు, ఊరికే పెట్టుకొన్నాడు.

ఇప్పుడు ఆమె మడమ మానింది. బరువు నెలకొకసారి తూస్తున్నారు. రెండు కిలోలు పెరిగింది, తరువాత ఒకటి తగ్గింది. రాత్రి రెండవ మనిషి నాలుగు పర్యటనలలో మూడుసార్లు ఉన్నది, ఒకసారి లేదు. లేని దినము నిర్వాహకునితో మరల మాటలాడవలసి వచ్చింది. ఈసారి ఆయన టీ ఇవ్వలేదు.

సంఘమునుండి నెలకు ఇద్దరు చొప్పున పోవడానికి ఒక పట్టీ వ్రాశాము. దినము ముందుగా చెప్పము, వేళ మార్చుకొంటూ పోతాము, కనీసము ఒకసారి చీకటిపడ్డ తరువాత. పోయినవారు చూచినది ఒక నోటుపుస్తకములో వ్రాసి తేవలెను. బాగున్నది, బాగులేదు అని కాక, మడమ ఎట్లున్నది, చెంబు ఎక్కడ ఉన్నది, నిన్న రాత్రి ఎవరు ఉన్నారు అని వ్రాయవలెను. పంతులమ్మగారినే గాక ప్రక్క మంచమును కూడ పలుకరించవలెను. ఆ పట్టీలో జూన్ తరువాతి నెలలు ఖాళీగా ఉన్నవి. పట్టీ గుడి తలుపు ప్రక్కన మేకుకు తగిలించి ఉన్నది, పెన్ను దారముతో కట్టి ఉన్నది. భోజనములకు లేవకముందే పేర్లు వ్రాయుడి. ఆ వైపు పోయే చివరి బస్సు వేళ కూడ దాని మీదనే వ్రాసి పెట్టాము.